నక్షత్రం ఉంగరంలా కనిపిస్తోంది: గ్రూపులో అడగాలా, నెట్‌లో వెతకాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోప్ కొన్నారు. మొదటి రాత్రి బాగా మెరుస్తున్న ఒక నక్షత్రం వైపు తిప్పి చూస్తే, మధ్యలో నల్లటి గుండ్రటి రంధ్రం ఉన్న తెల్లని ఉంగరం కనిపించింది. అద్దం పగిలిందేమోనని టెన్షన్ పడి ఒక ఆస్ట్రానమీ గ్రూపులో అడిగితే, ఇద్దరు "ఇది కూడా అడగాలా, నెట్‌లో కొడితే వస్తుంది కదా" అన్నారు. ఇప్పుడు మీరు అడుగుతున్నది వేరే ప్రశ్న: కొత్తవాళ్లు ఇలాంటివి మనుషుల్ని అడగాలా, తామే వెతుక్కోవాలా, అడిగితే నిజంగానే అందరి టైమ్ పాడు చేసినట్టా?

ముందు మీ మనసు కుదుటపడే మాట. మీ టెలిస్కోప్‌కి ఏమీ కాలేదు. మీరు చూసింది ఫోకస్ కుదరని నక్షత్రం. మీది అద్దాల టెలిస్కోప్ కాబట్టి గొట్టం ముందు భాగంలో, సరిగ్గా మధ్యలో ఒక చిన్న అద్దం ఉంటుంది. ఫోకస్ కుదరనప్పుడు నక్షత్రపు వెలుగు పళ్లెంలా విచ్చుకుంటుంది, ఆ పళ్లెం మధ్యలో ఈ చిన్న అద్దం నీడ నల్లటి రంధ్రంలా పడుతుంది. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే ఆ ఉంగరానికి అడ్డంగా సన్నటి చీకటి గీతలు కూడా కనిపిస్తాయి, అవి ఆ చిన్న అద్దాన్ని పట్టి ఉంచే రేకుల నీడలు. ఇవాళ రాత్రి ఏం చేయాలో చివర్లో చెబుతాను, ముందు మీ అసలు ప్రశ్న సంగతి చూద్దాం.

ఇరవై ఏళ్లకు పైగా ఆకాశం చూస్తున్నాను, అందులో పదేళ్లు ఒక గ్రూపులో కొత్తవాళ్ల ప్రశ్నలు చూసుకునే పని నాదే. "నెట్‌లో వెతుక్కో" అన్న సమాధానం కొన్ని వందల సార్లు చూసి ఉంటాను, మొదట్లో నేనూ కొందరికి ఆ మాట చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆ మాట చెప్పేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. వెతకాలంటే దేన్ని వెతకాలో దాని పేరు తెలియాలి, ఆ పేరు తెలియదు కాబట్టే మనిషి కొత్తవాడు.

మీ ఉంగరాన్నే తీసుకోండి. మీరు ఆ రాత్రి నెట్‌లో ఏమని కొట్టి ఉంటారు? మీకు కనిపించిందే కొడతారు: టెలిస్కోప్, నక్షత్రం, మధ్యలో నల్ల రంధ్రం. నల్ల రంధ్రం అని కొట్టగానే వచ్చేవి కృష్ణబిలాల గురించిన వ్యాసాలు. ముఖ్యంగా 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆ ప్రసిద్ధ చిత్రం, ఎం87 గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలం చిత్రం. మధ్యలో చీకటి, చుట్టూ వెలుగు ఉంగరం. మీరు ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్ గొట్టం) చూసినదానికీ దానికీ పోలిక లేకపోలేదు, ఇక మీ గందరగోళం రెట్టింపు అవుతుంది. అదే 'అవుట్ ఆఫ్ ఫోకస్', 'సెకండరీ అద్దం నీడ' అన్న రెండు మాటలు మీకు తెలిసి ఉంటే? మొదటి పేజీలోనే బొమ్మలతో సహా వివరం దొరుకుతుంది. ఆ రెండు మాటలు మీకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే మీరు అడగడం తప్పు కాదని గట్టిగా అంటున్నాను. అక్కడ ఎవరైనా పది సెకన్లలో "అది డీఫోకస్, నాబ్ తిప్పండి" అని ఉంటే సరిపోయేది, వెతుక్కోమని కసురుకోవడానికి పట్టిన టైమ్ కూడా పట్టేది కాదు.

కాబట్టి నా సమాధానం ఇది. మాట తెలిస్తే వెతకండి. మాట తెలియకపోతే అడగండి, మాట దొరకగానే మళ్లీ వెళ్లి వెతకండి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగే వివరమే, కానీ ఆ వివరంలోనే చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి కాస్త సాగదీసే చెబుతాను.

వెతకడం ఎక్కడ బాగా పనికొస్తుందో ముందు చూద్దాం. లెక్కలు, కొలతలు, ఎప్పటికీ మారని విషయాలు. ఉదాహరణకి, ఏ ఐపీస్ పెడితే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుంది అన్నది. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని (అద్దం లేదా లెన్స్ నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉన్న దూరం) ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించడమే: ఫోకల్ లెంగ్త్ 650 మిల్లీమీటర్లున్న టెలిస్కోప్‌లో 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 65 రెట్లు. అలాగే ఒక టెలిస్కోప్ ఎన్ని రెట్ల వరకు లాగగలదు అన్నదానికి అందరూ వాడే లెక్క, అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు. మీ 130కి అది 260 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రుల్లోనే. ఈ ఒక్క లెక్క తెలిస్తే 76 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్ పెట్టె మీద 500 రెట్లు అని రాసి ఉంటే అది ఎంత నమ్మాలో మీకే అర్థమైపోతుంది. ఇలాంటివి గ్రూపులో అడిగితే ఎవరూ కోప్పడాల్సిన పని లేదు, కానీ మీకే నష్టం. వెతికితే రెండు నిమిషాల్లో దొరికేదాని కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తారు, ఆరుగురు ఆరు రకాలుగా చెబుతారు, అందులో ఇద్దరు వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ఐపీస్ ఎలా శుభ్రం చేయాలి, ఫైండర్ (గురి చూడటానికి పక్కన బిగించే చిన్న సాధనం) ఎలా సరిచూసుకోవాలి, చంద్రుడి మీద ఏ బిలం ఎక్కడుంది, ఇవన్నీ కూడా అంతే. మీ వస్తువుతో వచ్చిన చిన్న పుస్తకం ఒకసారి పూర్తిగా చదవండి, అందులో సగం ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. చాలామంది దాన్ని పెట్టెలోంచి బయటికే తీయరు.

ఇప్పుడు వెతకడం ఎక్కడ మోసం చేస్తుందో చెబుతాను, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే.

2025 రెండో సగంలో మా గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది: "శనిగ్రహం చూశాను, వలయాలు లేవు, ఒక గీత మాత్రమే ఉంది, నా టెలిస్కోప్ పాడైందా?" ఆ అడిగినవాళ్లలో చాలామంది ముందు నెట్‌లో వెతికే వచ్చారు. వాళ్లు చదివిన పేజీలన్నీ ఒకటే చెప్పాయి: ఏ చిన్న టెలిస్కోప్‌లోనైనా, 30 రెట్లు పెద్దది చేసినా చాలు, శని వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి అని. ఆ పేజీల్లో అబద్ధం లేదు. అవి రాసిన సంవత్సరాల్లో అది నిజం. కానీ శని సూర్యుడి చుట్టూ తిరగడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది, ఆ తిరుగుడులో రెండుసార్లు ఆ వలయాలు మనకు సరిగ్గా అంచు వైపు నుంచి కనిపిస్తాయి. వలయాలు వెడల్పులో లక్షల కిలోమీటర్లు, మందంలో మాత్రం చాలాచోట్ల పదుల మీటర్లే, కాబట్టి అంచు నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. 2009 సెప్టెంబర్‌లో అలా జరిగింది, మళ్లీ 2025 మార్చి 23న జరిగింది, ఆ ఏడాది నవంబర్‌లో మరోసారి బాగా సన్నబడ్డాయి. పదేళ్ల క్రితం రాసిన పేజీకి ఈ వారం ఆకాశం ఎలా ఉందో తెలియదు. నిన్న రాత్రి చూసి పడుకున్న మనిషికి తెలుసు. అప్పుడు ఒక పెద్దాయన ఆ ప్రశ్న వేసిన ప్రతి ఒక్కరికీ విసుక్కోకుండా సమాధానం రాశారు, గెలీలియోకి కూడా ఇదే జరిగిందని చెప్పారు. గెలీలియో 1610లో శనిని చూసి మూడు గ్రహాలు పక్కపక్కన ఉన్నాయనుకున్నాడు, 1612లో చూస్తే పక్కవి రెండూ మాయం, ఆయనకు ఏమీ అంతుపట్టలేదు. అవి వలయమని హైగెన్స్ తన పుస్తకంలో విప్పి చెప్పింది 1659లో. దాదాపు యాభై ఏళ్లు పట్టిన సంగతి ఒక కొత్త కుర్రాడికి ఒక్క పూటలో తెలిసింది, అడిగాడు కాబట్టి.

కాలంతో మారేవన్నీ ఇలాంటివే. కొత్తగా వచ్చిన మోడల్‌లో ఉన్న లోపం, మొన్న మారిన యాప్, ఈ నెల కనిపిస్తున్న తోకచుక్క. వీటికి మనుషులే దిక్కు.

ఇంకో మోసం, పాత సమాచారం శిథిలమవడం. 'టెలిస్కోప్ అద్దం సరిచేయడం ఎలా' అని వెతికితే మంచి పాత చర్చ ఒకటి దొరుకుతుంది, చదువుతుంటే "కింద బొమ్మలో చూపినట్టు" అని ఉంటుంది, కింద బొమ్మ ఉండదు. ఫోటోలు ఉచితంగా దాచుకోనిచ్చిన ఒక పెద్ద సైటు 2017లో నిబంధనలు మార్చింది, దాంతో ఎన్నో హాబీ ఫోరమ్‌లలో ఏళ్ల తరబడి పోగుపడిన బొమ్మలు ఒక్కసారిగా కనబడకుండా పోయాయి. యాహూ గ్రూప్స్‌లో పాత సందేశాలను 2019 చివర్లో తీసేశారు, ఏడాది తర్వాత మొత్తం సర్వీసే మూసేశారు. ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకుని నేర్చుకున్న సంగతులో అవి. ఇప్పుడు చర్చలన్నీ వాట్సాప్, డిస్కార్డ్ లాంటి చోట్లకి వెళ్లాయి, అక్కడ ఎంత మంచి సమాధానం రాసినా వెతికేవాడికి దొరకదు. అంటే "వెతుక్కో" అని మనం అంటున్న గోదాము ఏటేటా ఒక వైపు నుంచి కూలుతోంది, రెండో వైపు తాళం వేసి ఉంది. ఈ సంగతి తెలిసి కూడా కొత్తవాళ్లని అక్కడికి తోలడం న్యాయం కాదు.

మిగిలిన పేజీల్లో చాలావరకు అమ్మకం పేజీలు. 'మొదటి టెలిస్కోప్ ఏది కొనాలి' అని వెతికి చూడండి, పది అత్యుత్తమ టెలిస్కోప్‌లు అని వరసగా వస్తాయి. అందులో చాలామటుకు ఆ వస్తువు చేత్తో పట్టుకోకుండానే రాసినవని రెండు వాక్యాలు చదివితే తెలిసిపోతుంది. స్టాండు ఊగుతుందా లేదా అని ఒక్కరూ రాయరు. వాడినవాడు మొదట చెప్పేది అదే, ఎందుకంటే 100 రెట్లు పెద్దది చేసినప్పుడు స్టాండు కాస్త వణికినా గ్రహం ఐపీస్‌లో గంతులేస్తుంది.

ఇక ఏఐ చాట్ సంగతి, ఈ రోజుల్లో ఎవరైనా ముందు అడిగేది దాన్నే. మాట కనుక్కోవడానికి అది నిజంగా బాగుంటుంది. మీకు కనిపించింది మీ మాటల్లో చెప్పి, దీన్ని ఏమంటారు అని అడగండి, మీ ఉంగరం లాంటివాటికి చాలాసార్లు సరైన పేరే చెబుతుంది. కానీ అది మీ టెలిస్కోప్‌ని చూడలేదు, తెలియని చోట కూడా తెలిసినంత ధీమాగానే మాట్లాడుతుంది. కాబట్టి అది ఇచ్చిన పేరు పట్టుకుని వెతికి సరిచూసుకోండి. స్క్రూలు తిప్పమంటే మాత్రం మనిషిని అడిగే దాకా ఆగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. ప్రమాదం ఉన్న విషయమైతే వెతికినా వెతకకపోయినా, జవాబు దొరికినా దొరకకపోయినా అడగండి. కొన్నేళ్ల క్రితం ఒకతను మా గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. ఎవరి దగ్గరో పాత టెలిస్కోప్ కొన్నాడట, దానితో పాటు చిన్న పెట్టెలో బొటనవేలి గోరంత ముదురు ఆకుపచ్చ గాజు ముక్క ఉంది, లోహపు చట్రంలో బిగించి, అంచున 'సన్' అని చెక్కి ఉంది. దీన్ని ఎలా వాడాలి అని అడిగాడు. ఎవరో పాత చర్చలు వెతుక్కోమన్నారు. వెతికాడు, ఒక పాత పేజీ దొరికింది, ఐపీస్ కింద బిగించి సూర్యుణ్ణి చూడవచ్చని అందులో రాసి ఉంది. థాంక్స్ చెప్పి, రేపు ఉదయం చూస్తానని రాశాడు. నేను ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి గ్రూపు తెరిచాను కాబట్టి ఆ మాట కంటపడింది. ఆ గాజు ముక్కని వాడవద్దని, ఎవరికీ ఇవ్వవద్దని, పగలగొట్టి పారేయమని రాశాను. టెలిస్కోప్ మొత్తం పోగుచేసిన సూర్యుడి వేడి సరిగ్గా ఆ చిన్న గాజు మీదే పడుతుంది, వేడికి అది ఏ క్షణంలోనైనా చిట్లవచ్చు, చిట్లితే కన్ను పక్కకు తీసే లోపే చూపు దెబ్బతింటుంది. సూర్యుణ్ణి చూడాలంటే ఫిల్టర్ టెలిస్కోప్ ముందు భాగానికి, మొత్తం ద్వారాన్ని కప్పేలా ఉండాలి, అది కూడా టెలిస్కోప్ కోసమే తయారైనది. గ్రహణం కళ్లజోడు ఐపీస్ దగ్గర పెట్టుకుని చూడటం కూడా అంతే ప్రమాదం. ఆ అబ్బాయి మర్నాడు పొద్దున్నే ఆ గాజు ముక్కని సుత్తితో కొట్టిన ఫోటో పెట్టాడు. ఆ తర్వాత నేను మా గ్రూపులో ఒక నియమం పెట్టించాను: సూర్యుడు, లేజర్, కరెంటు, ఈ మూడింటి గురించి ఎవరు ఎన్నిసార్లు అడిగినా వెతుక్కోమని చెప్పకూడదు.

అయితే పాతవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. ఒకే ప్రశ్నకు వెయ్యిసార్లు జవాబు చెప్పే అలసట నిజమైనదే, అది ఇంటర్నెట్‌తో పాటే పుట్టింది. తరచూ అడిగే ప్రశ్నలు అని ఇప్పుడు ప్రతి సైటులోనూ ఉండే ఆ పేజీ ఉంది చూశారా, ఆ పద్ధతికి మూలం 1980ల మొదట్లో నడిచిన ఒక అంతరిక్ష చర్చల మెయిలింగ్ లిస్టు అంటారు. కొత్తగా చేరినవాళ్లు పాత సందేశాలు దించుకుని చదవడం కష్టం కావడంతో అవే ప్రశ్నలు అడిగేవారు, అందుకని జవాబులన్నీ ఒకచోట చేర్చి అప్పుడప్పుడూ మళ్లీ పంపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత యూజ్‌నెట్ చర్చా వేదికల్లో ఏటా సెప్టెంబర్‌లో కాలేజీల్లో చేరిన కొత్త విద్యార్థులు వచ్చి పడేవారు, నెల తిరిగేసరికి పద్ధతులు నేర్చుకునేవారు. 1993 నుంచి మామూలు ఇళ్లకీ ఇంటర్నెట్ రావడంతో కొత్తవాళ్ల రాక ఆగలేదు, పాతవాళ్లు దాన్ని 'ఎప్పటికీ అయిపోని సెప్టెంబర్' అన్నారు. అంటే మీకు ఎదురైన విసుగు వయసు మీ వయసు కంటే ఎక్కువే కావచ్చు. దాన్ని మీ మీద కోపంగా తీసుకోకండి. జవాబు చెప్పేవాడికి అది వెయ్యోసారి, అడిగేవాడికి మొదటిసారి, ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు.

కానీ నా అనుభవంలో పాతవాళ్లు విసుక్కునేది ప్రశ్న తేలికైనదని కాదు. పట్టుకోవడానికి ఏమీ లేని ప్రశ్న అయితేనే విసుక్కుంటారు. "టెలిస్కోప్‌లో ఏమీ సరిగ్గా కనిపించడం లేదు, హెల్ప్ చేయండి." దీనికి నేను ఏం చెప్పను? ఏ టెలిస్కోప్, ఏ ఐపీస్, దేన్ని చూశారు, ఏం కనిపించింది అని నాలుగు ఎదురు ప్రశ్నలు వేయాలి, ఒక్కొక్కదానికి ఒక రోజు పడుతుంది, మూడో రోజుకి ఇద్దరికీ ఓపిక అయిపోతుంది. అదే ప్రశ్న ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి: "130 మిల్లీమీటర్ల అద్దాల టెలిస్కోప్, 10 మిల్లీమీటర్ల ఐపీస్. రాత్రి తొమ్మిదికి ఒక పెద్ద నక్షత్రాన్ని చూశాను. చుక్కలా కాకుండా ఉంగరంలా ఉంది, మధ్యలో నలుపు. అద్దం మీద టార్చ్ వేసి చూశాను, పగుళ్లు ఏమీ లేవు. నల్ల రంధ్రం అని వెతికితే కృష్ణబిలాల గురించి వస్తోంది. దీన్ని ఏమంటారో చెప్పినా చాలు, మిగతాది నేను చదువుకుంటాను." ఫోన్ కెమెరాని ఐపీస్‌కి ఆనించి తీసిన ఒక ఫోటో, ఎంత మసకగా ఉన్నా సరే, పక్కన పెట్టండి. ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయని పాతవాణ్ణి నేను చూడలేదు. మీరు ఏం వెతికారో, ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క వాక్యంలో రాసేసరికి చదివేవాడికి మీ మీద గౌరవం కలుగుతుంది, మీకు లోటున్న చోటు ఏదో కూడా తెలుస్తుంది. వెతకడం వృథా పోలేదన్నమాట, జవాబు దొరకకపోయినా ప్రశ్నకు ఆకారం వచ్చింది.

ఇంకొకటి, మీరు అనుకున్న పరిష్కారం గురించి కాకుండా మీకు ఎదురైన ఇబ్బంది గురించి అడగండి. ఒకావిడ మా గ్రూపులో "మూడు రెట్ల బార్లో లెన్స్ ఏది మంచిది" అని అడిగారు. బార్లో అంటే ఐపీస్‌కి ముందు బిగించి, కనిపించేదాన్ని ఇంకా పెద్దది చేసే లెన్స్. వెంటనే నలుగురు నాలుగు కంపెనీల పేర్లు చెప్పారు. అయిదో మనిషి మాత్రం "ఎందుకమ్మా, దేనికోసం?" అని అడిగాడు. గురుగ్రహం మసకగా కనిపిస్తోంది, ఇంకా పెద్దది చేస్తే స్పష్టంగా వస్తుందేమోనని ఆవిడ ఆశ. పెద్దది చేస్తే మసక కూడా పెద్దదవుతుంది తప్ప తగ్గదు. ఇంకాస్త మాట్లాడితే తేలిందేమిటంటే, బయట చలిగా ఉందని టెలిస్కోప్‌ని గదిలోనే పెట్టి మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తున్నారు. కిటికీ గాజు మనకి నున్నగా కనిపిస్తుంది కానీ టెలిస్కోప్‌కి అది అలలున్న నీళ్ల లాంటిది. బయట పెట్టి, అద్దం బయటి చల్లదనానికి అలవాటుపడేలా అరగంట వదిలేసి చూడమన్నారు. ఆ రాత్రే గురుగ్రహం మీద రెండు పట్టీలు చూశానని ఆవిడ రాశారు. లెన్స్ కొనాల్సిన అవసరమే రాలేదు. ఈ ఎదురు ప్రశ్న వేయడం ఏ వెతుకులాట పేజీకీ రాదు. బార్లో లెన్స్ అని కొడితే బార్లో లెన్స్‌లే చూపిస్తుంది.

వచ్చిన మొదటి జవాబుకే చేతులు పెట్టకండి, ఒక రోజు ఆగండి. మా హాబీలో ప్రతి కొత్తవాడికీ ఎవరో ఒకరు చెప్పే మొదటి మాట "కాలిమేషన్ పోయింది, అద్దాలు సరిచెయ్యి" అని. కొన్నిసార్లు నిజమే, కానీ ఫోకస్ కుదరని టెలిస్కోప్‌కి అద్దాల స్క్రూలు తిప్పితే ఉన్నది కూడా పోతుంది, అప్పుడు సమస్యలు రెండవుతాయి. గ్రూపుకున్న గొప్ప గుణం, తప్పు చెబితే ఇంకొకరు వచ్చి దిద్దుతారు. ఆ దిద్దుబాటు వచ్చేదాకా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. మీకు ఈపాటికే ఎవరైనా కాలిమేషన్ అని ప్రైవేటుగా మెసేజ్ చేసి ఉంటే పట్టించుకోకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నల్లమచ్చ ఉంగరం మధ్యలోనే ఉంది, అంటే అద్దాలు పెద్దగా పక్కకు జరగలేదు.

జవాబు దొరికాక చేయాల్సిన పని మాత్రం దాదాపు ఎవరూ చేయరు, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది అదే. ఒకసారి నా మౌంట్ (టెలిస్కోప్‌ని మోసి తిప్పే స్టాండు) మోటారు ఒక వింత శబ్దం చేయడం మొదలుపెట్టింది, ఎవరినీ అడగకుండా రాత్రంతా వెతికాను. చివరికి అచ్చం నా సమస్యే ఉన్న పాత చర్చ దొరికింది, అదే మోడల్, అదే శబ్దం, అప్పటికి ఎనిమిదేళ్ల పాతది. ఆశగా కిందికి వెళ్తే, అడిగినతను రాసిన ఆఖరి మాట: "దొరికింది, సరిచేసుకున్నాను, అందరికీ థాంక్స్." ఎలా సరిచేసుకున్నాడో రాయలేదు. అతను మళ్లీ ఎప్పుడూ ఆ ఫోరంకి రాలేదు కూడా. ఇంకొక్క వాక్యం రాసి ఉంటే నా రాత్రి మిగిలేది, నా తర్వాత వెతికినవాళ్లవీ మిగిలేవి. ఆ శబ్దం గేర్ల మధ్య ఎండిపోయిన గ్రీజు వల్ల అని వారం తర్వాత నాకు నేనే విప్పి చూసి తెలుసుకున్నాను, వెళ్లి ఆ పాత చర్చ కిందే ఫోటోలతో సహా రాశాను. అడగడం, వెతకడం రెండూ వేర్వేరు దారులని అనుకుంటాం కానీ, మనం వెతికితే దొరికే మంచి జవాబుల్లో చాలావరకు ఒకప్పుడు ఎవరో మొహమాటపడుతూ అడిగిన తేలిక ప్రశ్నకు ఎవరో ఓపికగా రాసినవే. అడిగేవాళ్లు ఆగిపోతే కొన్నేళ్లకు వెతకడానికి ఏమీ మిగలదు. ఈ మాట మిమ్మల్ని కసురుకున్న ఆ ఇద్దరికి కూడా చెప్పాలనుంది.

అందుకే ప్రశ్న పెట్టేటప్పుడు శీర్షికలో 'హెల్ప్ కావాలి' అని పెట్టకుండా కనిపించింది పెట్టండి, "నక్షత్రం మధ్యలో నల్ల రంధ్రంతో ఉంగరంలా కనిపిస్తోంది" అని. మీలాంటివాడే ఇంకొకడు రెండేళ్ల తర్వాత సరిగ్గా అవే మాటలు కొడతాడు, ఎందుకంటే వాడికీ అసలు పేరు తెలియదు. వీలైతే ప్రైవేటు మెసేజ్‌లో కాకుండా అందరూ చదవగలిగే చోట అడగండి.

సరే, ఇక ఇవాళ రాత్రి పని. టెలిస్కోప్‌ని అరగంట ముందే బయట పెట్టండి. 10 మిల్లీమీటర్ల ఐపీస్ ఉంటే తీసేసి 25 మిల్లీమీటర్లది పెట్టండి, దానితో వెతకడం, ఫోకస్ చేయడం రెండూ తేలిక. బార్లో లెన్స్ ఏదైనా మధ్యలో ఉంటే తీసి పక్కన పెట్టండి. చంద్రుడు ఉంటే చంద్రుడు, లేకపోతే మొన్నటి నక్షత్రమే. ఐపీస్ పక్కన ఉన్న నాబ్‌ని చాలా నెమ్మదిగా ఒకవైపు తిప్పుతూ ఉంగరాన్ని చూడండి. పెద్దదవుతుంటే రెండో వైపు తిప్పండి. ఉంగరం చిన్నదవుతూ, మధ్య నలుపు కుంచించుకుపోతూ, చివరికి సూది మొనంత చుక్క అవుతుంది. అదే ఫోకస్, అక్కడ వదిలేయండి. ఎంత పెద్దది చేసినా నక్షత్రం చుక్కగానే ఉంటుంది, పళ్లెంలా కనిపించాలని చూడకండి. ఒకవేళ చుక్క అయ్యే లోపే నాబ్ ఇక తిరగనంటే, బలవంతం చేయకుండా ఆపేసి, ఐపీస్ పెట్టే గొట్టం పూర్తిగా లోపలికి వెళ్లి ఆగిందా, పూర్తిగా బయటికి వచ్చి ఆగిందా చూసుకుని, పక్క నుంచి ఒక ఫోటో తీసి ఈ ప్రశ్న కిందే పెట్టండి. మధ్యలో ఉండకూడని గొట్టం ముక్క ఏదైనా బిగించారేమో నేను చూసి చెబుతాను. కుదిరితే మాత్రం, ఏ వైపు ఎంత తిప్పితే కుదిరిందో రాయండి.